అప్పన్న బాబాయ్ రాసిన సున్నాలు

2023 మార్చి. జంషెడ్‌పూర్‌లో అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. మా ఆసుపత్రి రెండో అంతస్తులో కీమోథెరపీ డే కేర్ వార్డు ఉంది. అప్పటికి నేను అందులో పదకొండేళ్ళుగా నర్సుని. డే కేర్ అంటే రోగి పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే చోటు. మంచాలు తక్కువ, వెనక్కి వాలే కుర్చీలు ఎక్కువ. కీమో వార్డు అనగానే బయటివాళ్ళు ఏడుపులూ మూలుగులూ ఊహించుకుంటారు. నిజానికి మా దగ్గర ఎక్కువగా వినిపించేది మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపుల బీప్‌లూ, టిఫిన్ డబ్బాల మూతల చప్పుడూనూ.

నా వంతుకి వచ్చేవి జీర్ణకోశపు క్యాన్సర్లు. అన్నవాహిక, పొట్ట, పెద్దపేగు. ఇన్నేళ్ళలో ఎంతోమందిని చూశాను, చాలామందిని మరిచిపోయాను కూడా. మరిచిపోకపోతే ఈ ఉద్యోగం చెయ్యలేం. అప్పన్న బాబాయ్‌ని మాత్రం మరిచిపోలేకపోతున్నాను. ఆయన్ని చంపింది జబ్బు కాదు. జబ్బయి ఉంటే ఇదంతా రాసేదాన్ని కాదు.

ఆయన వయసు యాభై ఆరు. ఊరు టెక్కలి దగ్గర. తాతల కాలంలోనే ఇటు వచ్చేశారు. ఇల్లు భుయ్యాడీహ్‌లో. గమ్హరియాలో ఓ చిన్న కార్ఖానాలో లేత్ మిషన్ మీద టర్నరు. తిరిగే ఇనుప కడ్డీని కొలత ప్రకారం చెక్కే పని అది. పెద్దపేగులో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీసేశారు. స్కాన్‌లో ఇంకెక్కడా ఏమీ లేదు. కానీ పక్కనున్న లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు దొరికాయి కాబట్టి, కంటికి కనబడనివి ఏవైనా మిగిలి ఉంటే అవీ పోవాలని ఎనిమిది సైకిళ్ళ కీమో రాశారు. సైకిల్ అంటే మూడు వారాలు. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరంలోకి రెండు గంటలు ఎక్కిస్తాం. ఆ రోజు నుంచే కాపెసిటబిన్ మాత్రలు రెండు పూటలా పధ్నాలుగు రోజులు మింగాలి. తరవాత వారం విరామం.

అంటే ఈయన బతకవలసిన మనిషి. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

మొదటి రోజు ఆయన ఫైలు మీద పేరు చూసి తెలుగులో పలకరించాను. మనిషి మొహం విప్పారింది. గళ్ళ చొక్కా, జేబులో చిన్న స్టీలు స్కేలు, నూనె నలుపు గోళ్ళ కింద ఇంకా పోలేదు. పక్కన భార్య నరసమ్మ పిన్ని, ఒళ్ళో గుడ్డ సంచి.

"మనోళ్ళేనేటమ్మా! హమ్మయ్య. ఈళ్ళు హిందీలో అడుగుతారు, నాను హిందీలో చెప్తాను. కడుపు బాధ హిందీలో చెప్తే సగవే చెప్పినట్టుంటాది," అన్నాడు.

ఇక మీదట పూర్తిగా చెప్పుకోవచ్చు అన్నాను. ఆయన నాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఏ భాషలోనూ.

వార్డు పని గురించి కాస్త చెప్పాలి. కీమోలో మందు ఎక్కించడం తేలిక. కష్టమంతా ఇంటికి పంపాకే. మందు క్యాన్సర్ కణాన్నీ మామూలు కణాన్నీ ఒకలాగే కొడుతుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, తెల్లకణాలు పడిపోతాయి, వేళ్ళు మొద్దుబారతాయి. ఇవి ఇంట్లో జరుగుతాయి, మేం చూడం. అందుకే ప్రతి రోగికీ ఒక డైరీ ఇస్తాం. రోజుకో వరస. జ్వరం, విరేచనాలు, నోటిపూత, తిమ్మిరి అని నాలుగు గడులు. ఏమీ లేకపోతే సున్నా. విరేచనాలు మామూలు కన్నా నాలుగుసార్లలోపు ఎక్కువైతే ఒకటి, నాలుగు గానీ ఆపైన గానీ అయితే రెండు. గడిలో రెండు పడిందంటే మాత్రలు వెంటనే ఆపేసి మాకు ఫోన్ చెయ్యాలి. అక్కడే ఆపితే మనిషి తేరుకుంటాడు. ఆపకుండా మింగితే ఒంట్లో నీళ్ళు పోయి, మూత్రపిండాలు మందగించి, బయటికి పోవలసిన మందు ఒంట్లోనే పేరుకుంటుంది. మందు పేరుకున్న కొద్దీ విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

బాబాయ్ ఇక్కడే జంషెడ్‌పూర్‌లో తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. ఆయన డైరీలో గడుల మీద నా చేత్తో తెలుగులో రాసిచ్చాను. పిన్నికి చదువు రాదు. "పిన్నీ, నువ్వూ లెక్క చూస్తూ ఉండు. రోజుకి ఎన్నిసార్లు వెళ్ళాడో మనసులో పెట్టుకో," అన్నాను. ఆవిడ తలూపింది.

రెండో సైకిల్‌కి ఆయన డైరీ తెచ్చి ఇచ్చినప్పుడు మేమంతా ముచ్చటపడ్డాం. నీలం సిరా, స్కేలు పెట్టి గీసిన గీతలు, గడి మధ్యలో గుండ్రటి సున్నాలు. షిఫ్టు లాగ్‌బుక్‌లా ఉంది. మా డాక్టరు బెంగాలీ, మాటతీరు మంచి మనిషి. "కోయీ తక్లీఫ్, దాదా?" అని ఇబ్బందుల గురించి అడిగితే బాబాయ్ నిలబడి, "ఏక్‌దమ్ ఫిట్, సర్," అన్నాడు. పై అధికారికి జవాబు చెబుతున్నట్టు చెప్పాడు.

"శభాష్ బాబాయ్! రాస్తే ఇలా రాయాలి," అన్నాను నేను. ఆ డైరీని పట్టుకెళ్ళి పక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరికి చూపించాను కూడా. చూడండి, ఎంత శ్రద్ధో, అని. పేషెంట్లకి చెప్పే ఆ చిన్న మెచ్చుకోలు ఎంత పని చేస్తుందో మాకు శిక్షణలో చెబుతారు. ఎంత చెడు చేస్తుందో చెప్పరు.

ఆ రోజే ఆయన మా బోర్డు చూశాడు.

ఈ ఊళ్ళో ఏ కార్ఖానా గేటు దగ్గరైనా ఒక బోర్డు ఉంటుంది. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు అని అంకె. ఎవరికైనా దెబ్బ తగిలిందని రాస్తే అంకె సున్నా అవుతుంది, మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఊరి అలవాటు ఆసుపత్రికీ అంటుకుంది. మా నర్సుల బల్ల వెనక తెల్లబోర్డు మీద క్వాలిటీ ఆఫీసు వాళ్ళు ఒక అంకె రాయిస్తారు: డే కేర్ నుంచి అనుకోని అడ్మిషన్ లేకుండా ఎన్ని రోజులు. ఆ రోజు దాని మీద పదహారు ఉంది.

"ఇదేటమ్మా, మీకూ బోర్డుందేటి?" అన్నాడు.

"ఉంది బాబాయ్. మా దగ్గర మందు ఎక్కించుకున్నవాళ్ళెవరైనా ఒంట్లో బాగోక మళ్ళీ వచ్చి చేరితే అది సున్నా అయిపోతుంది."

ఆయన పెద్దగా నవ్వాడు. మందు ఎక్కుతున్నంతసేపూ తన బోర్డు కథ చెప్పాడు. పాతికేళ్ళ వయసులో వేరే కార్ఖానాలో కాంట్రాక్టు కూలీగా చేసేవాడట. నూరు రోజులు ప్రమాదం లేకపోతే షిఫ్టు మొత్తానికి తలా ఒక ప్రెషర్ కుక్కర్ ఇస్తామన్నారు. తొంభై ఆరో రోజున ఈయన వేలు రాడ్ల మధ్య పడి గోరు ఊడిపోయింది. ఈయన వెళ్ళి నిజం చెప్పేశాడు.

"బోర్డు సున్నా అయిపోనాది. పాతికమంది ఇళ్ళలో ఆడోళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఈవిడ కూడా తిట్టింది, అడుగు. టీ కాడ ఒక్కడు నాతో మాటాడితే ఒట్టు. నెల తిరిగేసరికి కాంట్రాక్టరు రావొద్దన్నాడు. ఆ తరవాత మరి రెండుసార్లు దెబ్బ తగిలినాది. చెప్పితినా? గుడ్డ కట్టీసి మిషన్ మీద నిల్చున్నాను. బస్."

"ఆ కుక్కర్ వచ్చుంటే గంజి వార్చి వార్చి పోయిన నా జబ్బలు బాగుండేవి," అంది పిన్ని.

నాకూ నవ్వొచ్చింది. మా నాన్న కూడా ఓ కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడే. ఒకసారి పాదం మీద వేడినూనె పడితే మేజోడు తొడుక్కుని మూడు రోజులు డ్యూటీకి వెళ్ళాడు. నాలుగో రోజు అమ్మ ఆ మేజోడు లాగితే చర్మం కూడా వచ్చింది. ఆ సంగతి బాబాయ్‌కి చెప్పాను. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నవాళ్ళలా నవ్వుకున్నాం. చేతి నరంలోంచి కెనులా తీసి పట్టీ వేస్తూ, ఆట పట్టించడానికి ఒక మాట అన్నాను.

"అయితే మా బోర్డు ఇక మీ చేతిలోనే ఉంది బాబాయ్. పరువు కాపాడాలి మరి."

"నా వల్ల పాడవదమ్మా. దానికి నాను పూచీ," అన్నాడు.

ఈ సంభాషణ నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. దెబ్బ తగిలితే దాచుకుంటానని ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని నోరు తెరిచి చెప్పాడు. అలా దాచే ఇంట్లోనే నేను పెరిగాను. మేజోడుతో పాటు ఊడొచ్చిన చర్మాన్ని నా కళ్ళతో చూశాను. అయినా ఫైలు తీసి, ఆయన డైరీ చూసి, నా కాలమ్‌లో సున్నా, సున్నా, సున్నా, సున్నా అని ఎక్కించాను.

ఆయనకి తొందర ఎందుకో కూడా నాకు తెలుసు. గమ్హరియాలో పంతొమ్మిదేళ్ళుగా ఆయన నడిపే లేత్ మీద వేరేవాణ్ణి పెట్టకుండా యజమాని ఆపి ఉంచాడు, అదీ విశ్వకర్మ పూజ దాకానే. సెప్టెంబరులో ఆ పూజ నాడు ఇక్కడ మిషన్లన్నీ ఆపి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టి దండలు వేస్తారు. ఆ రోజుకి ఫిట్ సర్టిఫికెట్ పట్టుకుని వస్తే మిషన్ ఆయనది. రాకపోతే కుర్రాడెవడో కాచుకుని ఉన్నాడు. ఎనిమిది సైకిళ్ళూ వరసగా అయిపోతే ఆగస్టు చివర స్కాన్, ఆపైన సర్టిఫికెట్. మధ్యలో ఒక్క సైకిల్ వాయిదా పడినా పూజ దాటిపోతుంది. వేళ్ళ మీద లెక్క వేసి చూపించాడు.

"నా మిషన్‌కి నానే దండెయ్యాలమ్మా. ఇంకోడు ఏస్తే నాను సూడ్లేను," అన్నాడు.

నాలుగో సైకిల్ నుంచి ఆయన గళ్ళ చొక్కా మాని టీ షర్టుతో రావడం మొదలుపెట్టాడు. మే నెల, ఎండ మండుతోంది, పోనీలే అనుకున్నాను. ఆక్సాలిప్లాటిన్‌తో వేళ్ళు మొద్దుబారినవాళ్ళు మొదట చెయ్యలేని పని చొక్కా బొత్తాలు పెట్టుకోవడం. ఈ సంగతి కొత్తగా వచ్చే నర్సులకి పాఠం చెప్పేది నేనే. తిమ్మిరి ఉందా బాబాయ్ అంటే, "ఏటీ నేదమ్మా, బిల్కుల్," అని గుప్పిట మూసి తెరిచి చూపించాడు. పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను సున్నా వేశాను.

ఆరో సైకిల్ జూన్ ఆఖర్లో పడింది. ఆ పొద్దున బోర్డు మీద సరిగ్గా నూరు. క్వాలిటీ ఆఫీసు వాళ్ళు లడ్డూల డబ్బా పంపారు, ఫోటో తీశారు. వార్డులో అందరికన్నా ఎక్కువ సంబరపడింది అప్పన్న బాబాయ్. లడ్డూ చేతిలో పట్టుకుని భార్యతో, "సూసేవా, ఈసారి కుక్కర్ నా వల్ల పోనేదు," అన్నాడు. ఆ లడ్డూ ఆయన తినలేదు, పిన్ని సంచిలో పెట్టాడు. నోరు పూసి ఉందని నాకు తరవాత తెలిసింది. రక్తపరీక్షలు హద్దుల్లోనే ఉన్నాయి, కాస్త అంచున. బరువు రెండు కిలోలు తగ్గాడు. డాక్టరు అడిగాడు, ఈయన ఏక్‌దమ్ ఫిట్ అన్నాడు. మందు ఎక్కించాం.

ఆ సైకిల్ పదకొండో రోజు, గురువారం. బయట వాన కుమ్మేస్తోంది. పన్నెండు కుర్చీలకి పదిహేనుమంది వచ్చారు, ఒక పంపు పని చెయ్యడం లేదు. రోగుల కోసం మా దగ్గర ఒక మొబైల్ ఉంటుంది, ఆ పూట అది నా దగ్గర ఉంది. మధ్యాహ్నం నరసమ్మ పిన్ని ఫోన్ చేసింది.

"తల్లీ, ఈయనకి మజ్జిగ ఇవ్వొచ్చా?"

"ఇవ్వు పిన్నీ, మంచిదే. పల్చగా చేసి ఉప్పు వేసి ఇవ్వు. ఇంకేమైనా ఉందా?"

వెనక నుంచి బాబాయ్ గొంతు, మాట తెలియలేదు.

"ఏటీ నేదమ్మా. ఉంటాను," అని పెట్టేసింది.

నేను కాల్ రిజిస్టరులో రాశాను: మజ్జిగ గురించి సందేహం, సలహా చెప్పడమైనది. రాసి, పంపు దగ్గరికి వెళ్ళిపోయాను.

దాదాపు నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యని మనిషి మజ్జిగ కోసం చేసింది. శ్రీకాకుళం వైపు ఆడమనిషి, మజ్జిగ ఎప్పుడు ఇవ్వాలో నన్నడిగి తెలుసుకోవాలా? మొగుడు పక్కనే కూర్చుని చెప్పనివ్వకపోతే, చెప్పకుండానే చెప్పడానికి ఆవిడకి దొరికిన దారి అది. ఎందుకు పిన్నీ, కడుపు బాగోలేదా, అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అడగడానికే నాకు జీతం ఇస్తారు. అడగలేదు.

శనివారం పొద్దున క్యాజువాల్టీ నుంచి ఫోన్ వచ్చింది, మీ పేషెంట్ ఒకాయన వచ్చాడు, మీ కార్డు ఉంది అని. పరిగెత్తాను. స్ట్రెచర్ మీద అప్పన్న బాబాయ్. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. బీపీ అందడం లేదు. రెండు చేతులకీ సెలైన్ పెడుతున్నారు. డ్యూటీ డాక్టరు గట్టిగా అడుగుతున్నాడు, ఎన్ని విరేచనాలు, ఎన్ని రోజుల నుంచి? నరసమ్మ పిన్నికి హిందీ అర్థమవుతోంది గానీ నోరు రావడం లేదు. ఆటోలో తడిసిపోయి వణుకుతోంది.

ఆవిడ గుడ్డ సంచిలోంచి డైరీ తీసి ఇచ్చింది. చూశాను. నిన్నటి దాకా సున్నాలే. గుండ్రాలు కాస్త వంకరపోయాయి, అంతే.

"అది కాదమ్మా," అని ఆవిడ సంచిలో మళ్ళీ చెయ్యి పెట్టి, మడతపెట్టిన గోడ క్యాలెండరు తీసింది. కిరాణాకొట్టువాళ్ళు ఇచ్చేది. జూలై పేజీ. తేదీల గడుల్లో పెన్సిల్‌తో నిలువు గీతలు. మంగళవారం నాలుగు. బుధవారం ఆరు. గురువారం ఎనిమిది. శుక్రవారం గడిలో చోటు చాలక బయటికి వచ్చేశాయి. పదకొండు.

"నువ్వు లెక్క చూడమన్నావు గదా తల్లీ. నాకు రాయడం రాదు, గీతలు ఎట్టేను. పాలవాడి లెక్క అనుకున్నాడు ఆయన."

"మాత్రలు ఆపారా పిన్నీ?"

"నేదు. రాత్రీ ఏసుకున్నాడు. కోర్సు మద్దిలో ఆపితే మల్లీ మొదటికొస్తాది, పూజ దాటిపోద్ది అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు? ఫోన్ చేశావు కదా. చేసి కూడా ఎందుకు చెప్పలేదు?" నేను అరిచాను. ఆవిడ మీద అరిచాను, అదీ క్యాజువాల్టీ మధ్యలో. ఆ అరుపుకి నాకు ఈరోజుకీ సిగ్గుగా ఉంది.

ఆవిడ తలొంచుకుంది. "చెప్పనివ్వనేదు. ఆ గుంట బోర్డు నా వల్ల సున్నా అయిపోద్ది, పూచీ ఇచ్చేను, రెండు రోజులు ఓర్సుకుంటే తగ్గిపోద్ది అన్నాడు. నూరు దాటింది గదే అన్నాడు."

ఆ గుంట, అంటే ఆ పిల్ల, నేనే.

ఆయన్ని ఐసీయూకి తీసుకెళ్ళారు. తెల్లకణాలు దాదాపు లేవు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకింది, మూత్రం రావడం లేదు. డయాలిసిస్ మొదలుపెట్టారు. మా డాక్టరు రోజుకి మూడుసార్లు వెళ్ళి చూశాడు. ఆదివారం సాయంత్రం ఆయనకి కాస్త తెలివొచ్చిందని కబురొస్తే సెలవైనా వెళ్ళాను. గౌను, మాస్కు వేసుకున్నా కళ్ళు చూసి గుర్తుపట్టాడు. కూతురు రేఖ పక్కన నిలబడి ఉంది, పాతికేళ్ళ పిల్ల, తండ్రి తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెబుతుంది. "పాపా, బాత్ మత్ కరో," అని మాట్లాడొద్దంటోంది.

ఆయన వినలేదు. నన్ను దగ్గరికి రమ్మని కళ్ళతో చెప్పాడు. వంగాను.

"బోర్డు ఏటయినాది?"

అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆయన చేరింది క్యాజువాల్టీ ద్వారా, జనరల్ మెడిసిన్ పేరు మీద. డే కేర్ నుంచి అడ్మిషన్ కింద రాదు. నేనాయనకి ఎలా చెప్పినా, క్వాలిటీ ఆఫీసు నిబంధన ప్రకారం మా లెక్కకి ఆయన తగలడు.

"అలాగే ఉంది బాబాయ్," అన్నాను.

"మంచిదే," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ మొహంలో కనబడింది నొప్పి కాదు, తృప్తి. దాన్ని నేను భరించలేకపోయాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం పోయాడు.

నెల తరవాత మరణాల సమీక్ష జరిగింది. ఇలాంటివి జరిగినప్పుడు అందరం కూర్చుని ఎక్కడ తప్పిందో చూస్తాం. కాగితం మీద ఎక్కడా తప్పలేదు. డైరీ ఇచ్చాం, తెలుగులో వివరించాం, రక్తపరీక్షలు చూశాం, ఫోన్ నంబరు ఇచ్చాం. చివర ఒక వాక్యం రాశారు: రోగి లక్షణాలు తెలియజేయలేదు. భార్య ఫోన్ చేసిందండీ, అన్నాను. విరేచనాలని చెప్పిందా, అని అడిగారు. మజ్జిగ ఇవ్వొచ్చా అని అడిగింది, అన్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండునని అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

విశ్వకర్మ పూజ నాడు ఊరంతా మైకులు. నేను సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. నాన్న కుంటుకుంటూ వచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. నీ మోకాలు ఎలా ఉంది అని నేనడిగాను. "నాకేటి, బాగున్నాను," అన్నాడు.

ఇప్పుడు నేను రోగిని "ఏమైనా ఇబ్బందా?" అని అడగను. ఆ ప్రశ్నకి ఈ ఊరి మగవాడు ఒకటే జవాబు చెబుతాడు. నిన్న ఎన్నిసార్లు వెళ్ళారు, మొన్న ఎన్నిసార్లు, అని అంకెలడుగుతాను. మగవాణ్ణి బరువు చూసుకోమని పంపించి, భార్యని విడిగా అడుగుతాను. చొక్కా బొత్తం నా ఎదుట పెట్టమంటాను. ఎవరైనా మజ్జిగ అన్నా, గంజి అన్నా, దానిమ్మ తొక్క అన్నా, చేతిలో పని వదిలేసి, ఎందుకు అని అడుగుతాను. డైరీ నిండా సున్నాలు తెచ్చినవాణ్ణి మెచ్చుకోను. ఇవన్నీ నేర్చుకున్నాను. ఇంత మామూలు సంగతులు నేర్చుకోవడానికి ఒక మనిషి పోవలసి వచ్చిందంటే, అది నేర్చుకోవడం అని చెప్పడానికి నోరు రాదు. అయినా సున్నాలు వస్తూనే ఉన్నాయి. గళ్ళ చొక్కాలు టీ షర్టులవుతూనే ఉన్నాయి. నేను పట్టుకున్నవి నాకు తెలుస్తాయి, పట్టుకోలేనివి తెలియవు.

బోర్డు కూడా ఉంది. ఆయన పోయిన మంగళవారం సాయంత్రం వార్డు ఖాళీ అయ్యాక దాని ముందు నిలబడ్డాను. నూట పదిహేను అని ఉంది. అరచేత్తో తుడిచేసి సున్నా వేశాను. బుధవారం పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఎవరో ఆ సున్నా చెరిపి, సరైన అంకె రాసి ఉంచారు. నూట పదహారు.